సంధ్య పడవకు బండి దొరికిన ముచ్చట

"నాయినమ్మా, పడవలు మోసేతందుకు ఏ బండి కొనాలె? సంధ్య నిన్నే అడుగుమన్నది."

నన్నా? అగో! నా మనుమరాలు నవ్వులాటకు అన్నదా, నిజంగనే అన్నదా? స్టీరింగు ఏ దిక్కు తిప్పుతరో గూడ నాకు తెల్వది బిడ్డా. కూసో. గా కుర్చీ గాదు, దాని కాలు ఊగుతది, గీ మంచం మీద కూసో. మంచిర్యాల నుంచి బస్సుల వచ్చినవా? జర చాయ్ తాగు.

అయితే ఒకటి. బండి తోలుడు తెల్వది గని, బండి మీద సామాను ఎక్కిచ్చుడు, దించుడు నాకు తెలిసినంత ఎవ్వలకు తెల్వది. ముప్పై ఏండ్లు సుల్తానాబాద్ అంగడికి చేపల గంప మోసిన. బస్సు లోపట పెట్టనిచ్చేటోళ్లు కాదు, నీసు వాసనొస్తదని. టాపు మీద పెట్టుమనేటోళ్లు. పెట్టేటప్పుడు నలుగురొస్తరు, ఎత్తవ్వా ఎత్తు అనుకుంట. మా ఊరి కాడ దిగి సూస్తే ఎవ్వలుండరు. డ్రైవరేమో హారను మీద హారను. నేను తలకాయ పైకెత్తి గంప దిక్కు సూసుకుంట నిలవడుతుంటి. ఎత్తేటోళ్లు దొరుకుతరు గని దించేటోళ్లు దొరకరు బిడ్డా. చేపలమ్మే ఆడోళ్లమంత గిదే అనుకుంటుంటిమి.

గప్పుడు బొచ్చె చేప కిలో పది రూపాయలు. అది సుత బేరమే. మా ఆడిబిడ్డ ఒకతి ఉండె, తొమ్మిదికే ఇచ్చి నా గిరాకంత గుంజుకపోయేది. నోరు మాత్రం మంచిది, వదినే వదినే అనుకుంటనే... సరే, ఆమె ముచ్చట ఎందుకు ఇప్పుడు.

ఏం చెప్తున్న? ఆ, గంప దించుడు. తర్వాత ఖాజా అని ఒకాయన దొరికిండు. ట్రాలీ ఆటో తోలేటోడు. బస్సోళ్లు లోపట పెట్టనియ్యని నా గంపను గాయన ఎక్కిచ్చుకునేటోడు. గంతే గాదు, మా ఊరి కాడ ఆటో బందు చేసి, దిగొచ్చి, గంపకు ఒక పక్క పట్టేటోడు. పట్టినందుకు నేను ఎన్నడు ఒక మంచి మాట అనలే. అనాలని గూడ తోచలే, సూడు.

ఇగ సంధ్య సంగతి. మానేరు డ్యాంల కయాక్ పడవ తోలుడు నేర్చుకున్నది గద నీ లెక్కనే. పడవను డ్యాం కాడ ఇడిసిపెడితె ఎవలో రాయితోని కొట్టిన్రు, అందుకని ఇంటికే తెచ్చుకునుడు. ఇంటి నుంచి డ్యాంకు ఎనిమిది కిలోమీటర్లు. హైద్రాబాద్ టీముకు సెలెక్షన్ దగ్గరికొచ్చె. రోజు నీళ్లల్ల దిగకపోతె పేరు రాదని పిల్లకు ఒకటే ఫికర్. మస్కట్ల ఉన్న నా కొడుకు పైసలు పంపి ఫోన్ల అన్నడు, "అవ్వా, తెల్ల కారు కొనుండ్రి, ఊరంత సూడాలె."

కార్లమ్మే షోరూముకు పోయినం. పడవను వల తాడుతోని కొలిచి, ముడేసుకొని పోయిన నేను. కారుల తాడు సగం గూడ వట్టలే. పైన క్యారియరు కట్టియ్యచ్చు అన్నడు అమ్మేటాయన. "కట్టియ్యచ్చయ్యా, గంత ఎత్తు మీదికెల్లి దించుడెవలు? నేను ముసల్దాన్ని, ఇది ఒక్కతి" అన్న. నవ్విండు. నవ్వనీ. పెద్ద వ్యాను సూపిచ్చిండు. దాని ధర ఇని సంధ్యే నా చెయ్యి పట్టి బయటికి గుంజుకొచ్చింది.

గదే నెలల తెలిసింది, మోకాళ్లు పోయినయని ఖాజా ఆటో అమ్ముతుండని. వెనుక పలక తీస్తె ట్రాలీ నా నడుమంత ఎత్తు. ఇద్దరాడోళ్లు సాలు. పడవ తోక బయటికొస్తది, ఎర్రగుడ్డ కడితె అయిపాయె. తడైనా బురదైనా రెండు బకెట్లు గుమ్మరిస్తె పోతది. కొడుకు కోపానికొచ్చిండు, "డొక్కు ఆటోనా అవ్వా?" అని. "డొక్కుదే బిడ్డా, నీ అవ్వను, నీ అవ్వ గంపను ఇన్నేండ్లు మోసింది" అన్న.  "అయితే గదే కొనుండ్రి" అన్నడు. కొన్నం.

సంధ్య తోలుడు నేర్చి లైసెన్సు తెచ్చుకున్నది. కట్టుడు నా పని. గాడ్నే తప్పు చేసిన. మా ఇంటాయన చేపలకు పోయే గుండ్రటి వెదురు పుట్టిని ఎట్ల కడుతుంటిమో గట్లనే, మోకాలు పెట్టి గుంజి, బిర్రుగ కట్టిన. వెదురు వంగుతది, ఇడిస్తె మల్ల లేస్తది. సంధ్య పడవ ప్లాస్టిక్కుదాయె, లేస్తదా? సెలెక్షన్‌కు రెండొద్దుల ముందట, గంటసేపు ఎండల ఉన్నది. తాడు ఇప్పి సూస్తే పడవ కడుపుకు సొట్ట, నా పిడికిలంత. నీళ్లల్ల దించితె ఒక పక్కకే గుంజుతుంది. పిల్ల సొట్ట మీద చెయ్యి రాసుకుంట కూసున్నది. తిట్టినా బాగుండు. గా పూట నాకు బువ్వ సయించలే.

సంగతి తెలిసి ఖాజా కర్ర పట్టుకొని వచ్చిండు. "పరేషాన్ గాకు మల్లక్కా, బండ్ల ప్లాస్టిక్కు గిట్లనే సొట్ట వడతది. వేడినీళ్లు పోద్దాం" అన్నడు. అన్నం వండే గంజు గిన్నెల నీళ్లు కాగవెట్టినం. నేను పైకెల్లి పోసుడు, ఆయన లోపటికెల్లి గుడ్డవెట్టి నెట్టుడు. నాలుగో గంజుకు ఠప్పుమన్నది. లేచింది బిడ్డా! సంధ్య నా మెడ పట్టుకొని ఏడ్చింది. నేనేడ్సిన.

సెలెక్షన్ల ముగ్గుర్నే తీసుకున్నరు. సంధ్య మూడోది. ఎట్లనో గట్ల గట్టెక్కింది. ఆ పొద్దు డ్యాం కాడ పడవ దించేటప్పుడు గూడ, గా మోకాళ్లతోని, ఒక పక్క ఖాజానే పట్టిండు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "తమ్మీ, నువ్వు లేకుంటె నా గంప ఇంకా బస్సు టాపు మీదనే ఉండు" అన్న. "పట్టక్కా, జారుతది" అన్నడు. గంతే.

నువ్వు ఏ బండన్న కొనుక్కో, నీ నడుము కన్న ఎత్తుండొద్దు. తాడుతోని కట్టకు, వెడల్పు పట్టీ కట్టు, కింద రెండు వేళ్లు దూరాలె. ఇగ... ఎత్తేటోళ్లు ఎట్లనన్న దొరుకుతరు నీకు, నవ్వుముఖం పిల్లవు. దించేటప్పుడు గూడ ఒక పక్క పట్టేటోళ్లు దొరకాలె బిడ్డా. దొరికిన్నాడు, నా లెక్క ముప్పై ఏండ్లు ఆగకు, గప్పుడే ఒక మంచి మాట అను. సల్లగుండు.