కృపావరం గారు కాపాడిన ముందు పన్ను

1996వ సంవత్సరం జూలై ఒకటో తేదీన, భీమడోలులో పాసింజరు రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగి, మన కరుణోదయ ట్రస్టు దంత వైద్యశాలలో బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ కృపావరం గారు, మూడు దశాబ్దాల అవిశ్రాంత సేవానంతరం పదవీ విరమణ చేస్తున్నారు. ఉపాధ్యాయులైన సత్యవేదం మాస్టారి కుమార్తె కావడం వల్ల కాబోలు, తమ ముందు నోరు తెరిచిన ప్రతి రోగికీ ఒక పాఠం చెప్పనిదే వారు వదిలిపెట్టరు. నోటినిండా దూది పెట్టాక చెబుతారు కనుక, ఎదురు చెప్పే భాగ్యం రోగికి ఉండదు పాపం!

వారు చేరిన రోజుల్లో పన్ను నొప్పి అంటే పీకించుకోవడమే. నాడి చెడిన పంటిని లోపల శుభ్రపరచి మూసివేసే రూట్ కెనాల్ చికిత్స చేస్తామంటే, “ఎన్నిసార్లు తిప్పుతారండీ, పీకేసి పంపించండి” అని విసుక్కునేవారే అందరూ. వారిని బతిమాలి, కసిరి, అవసరమైతే బస్టాండుదాకా వెళ్లి వెనక్కి పిలుచుకొచ్చి కూర్చోబెట్టిన ఘనత కృపావరం గారిది. అనంతరం ఏలూరు శాఖకు బదిలీ అయి, కొల్లేటి లంక గ్రామాల్లో వైద్యశిబిరాలు నిర్వహించి, పంటి రంగులోనే ఉండి నీలికాంతి సోకగానే గట్టిపడే కాంపోజిట్‌తో విరిగిన పళ్లను తీర్చిదిద్దడంలో అసమాన నైపుణ్యం సాధించారు.

ఆ నైపుణ్యానికి అసలు పరీక్ష 2014లో ఎదురైంది. రూట్ కెనాల్ చేసిన ప్రతి ముందు పంటికీ విధిగా తొడుగు, అంటే క్యాప్, వేయాలని ట్రస్టు ముఖ్య వైద్యులు డాక్టర్ వీరేంద్ర గారు ఒక నిబంధన ప్రతిపాదించారు.

“నాడి తీసేశాక పన్ను ఎండుపుల్లేనండీ. తొడుగు లేకపోతే ఎన్నాళ్లు ఆగుద్ది?” అన్నారాయన.

“సగానికి సగం విరిగిపోయిన పంటికి నేనూ తొడుగే వేస్తానండీ. గోడలన్నీ గట్టిగా ఉన్నదానికి ఎందుకు చెప్పండి? నాడి తీయడానికి వెనకనుంచి చేసిన చిన్న కన్నం పూడ్చి, విరిగిన మూల కాంపోజిట్‌తో కడితే చాలు. తొడుగు కోసం చుట్టూ అరగదీస్తే, ఉన్న బలం మనమే తీసేసినట్టు కాదాండీ?” అన్నారీమె.

ఇద్దరూ మెత్తగానే మాట్లాడుకున్నారు గానీ, ఇద్దరిలో ఒక్కరూ అంగుళం కదల్లేదు. సరిగ్గా అప్పుడే, పడవ గెడ తగిలి పై ముందు పన్ను మూల విరిగి, నాడి చెడి, బాలస్వామి అనే లంక గ్రామస్థుడు వచ్చాడు. కృపావరం గారు రూట్ కెనాల్ చేసి, తొడుగు లేకుండా కాంపోజిట్‌తో మూల కట్టి, “ఈ పన్ను నిలవకపోతే మీ నిబంధన మీద మొదటి సంతకం నాదేనండీ” అని వీరేంద్ర గారికి మాట ఇచ్చేశారు. అంత ధీమా!

మూడో నెలలో బాలస్వామి మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. పన్ను విరిగిందట. కబురు తెలిసి వీరేంద్ర గారూ వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డారు. కృపావరం గారిది ఓడిపోతానన్న బెంగ కాదు. తన తొందరపాటు మాటవల్ల ఇకమీదట ఎందరి గట్టి పళ్లు అనవసరంగా అరిగిపోతాయోనన్న భయం వారిని కుదిపేసింది.

“ఏం కొరికావయ్యా? చెరుకా? నల్లి ఎముకా?”

“అబ్బెబ్బే, మీరొద్దన్నాక జంతిక ముక్క కూడా ముట్టలేదండి! వల అల్లుకుంటన్నానండి అంతే.”

“వల అల్లితే పన్నెందుకు విరుగుద్ది?”

“ముడేసినప్పుడల్లా నైలాను దారం ముందు పళ్లతో పట్టి లాగుతామండి. చివర తెంపేదీ పళ్లతోనేనండి. అది కొరకడం కాదు కదండీ!”

గదిలో అందరూ ఘొల్లున నవ్వారు. “తినేవన్నీ వద్దన్నాను గానీ, అల్లేదాని మాటే మరిచానయ్యా, నా బుద్ధికి!” అని కృపావరం గారు నెత్తి కొట్టుకుని, పరీక్షించి చూస్తే, ఊడింది కాంపోజిట్ మూల మాత్రమే. పంటి గోడ చెక్కుచెదరలేదు, వేరుకు బీట లేదు. వీరేంద్ర గారు స్వయంగా వంగి, ఎక్స్‌రే కూడా చూసి, “పన్ను నిలిచిందండీ” అని ఒప్పుకున్నారు. అదే పూట మూల మళ్లీ కట్టడం, నిబంధన మూలపడడం రెండూ జరిగిపోయాయి. నాటినుంచి వారి వద్ద శిక్షణ పొందిన తేజశ్రీ వంటి యువ వైద్యులందరూ, దర్జీనైనా వడ్రంగినైనా, “తినడం కాక ఈ పళ్లతో ఇంకేం చేస్తారండీ?” అని అడిగాకే పనిముట్టు పట్టుకుంటున్నారు.

గత మాసంలో వీరేంద్ర గారి ముందు పంటికే రూట్ కెనాల్ అవసరమైంది. హైదరాబాదులో పేరుమోసిన వైద్యులు ఆయనకు ఎందరో మిత్రులు. అయినా తిన్నగా ఏలూరు వచ్చి కృపావరం గారి కుర్చీలో కూర్చుని, “తొడుగు మాట ఎత్తకండి. మీరు వెళ్లేలోగా మీ చేత్తోనే కట్టండి” అన్నారు. ఆ మాటకు కృపావరం గారికి కళ్లు చెమర్చి, దీపం సరిగా కనిపించక, ఒక్క నిమిషం ఆగి కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.

కుమార్తె బ్లెస్సీ, ఆత్మీయుల నడుమ కృపావరం గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు సంతోషంతో, నూరేళ్లు చల్లగా జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. నేటి సభలో ఈ శుభాకాంక్షలు చదివి వినిపించేది వీరేంద్ర గారే. నవ్వినప్పుడు ఆయన పళ్లకేసి చూడండి. ఏది కృపావరం గారు కట్టిన పన్నో ఈ నెలరోజులుగా వెతుకుతున్నా మాకెవ్వరికీ అంతుపట్టలేదు.