గోడకెక్కిన వడిసెల

నాంచారమ్మని ఒకామె. మొగుడు పోయాడు, మిగిలింది ఎకరం జొన్నచేను. చేలో మంచె వేసుకుని, పొద్దున్నించి మాపటిదాకా దానిమీద నిలబడి, వడిసెలతో మట్టి ఉండలు విసిరి పిట్టల్ని తోలుకుంటా ఉంటదంట. ఆ జొన్నలే ఆమెకి ఏడాది తిండి అనుకో. ఏమైందంటే, దొర కచేరీలో బంట్రోతు కోటిలింగమని ఒకడు, రోజూ మిట్టమధ్యానం చేనుకాడికి రావడం, దప్పికనడం, మంచె ఎక్కబోవడం. రెండుసార్లు చెప్పింది, అయ్యా నీ దోవన నువ్వు పో అని. మూడోసారి చెప్పలా. వడిసెల తిప్పి ఒక ఉండ వదిలింది. నుదుటిమీద నిమ్మకాయంత బొప్పి కట్టింది వాడికి.

వాడు ఊరుకుంటాడా? బొప్పి ఎత్తుకుని దొర దగ్గరికి పోయాడు. అప్పట్లో దొర హుకుం ఏందంటే, బంట్రోతులు తప్ప ఇంకెవరూ ఆయుధం పట్టకూడదు, పడితే ఊరు వదిలి పోవాల. ఇక చూసుకో, కచేరీలో మూడు రోజులు అదే మాటంట, వడిసెల ఆయుధమా కాదా అని. దొర ఆ బొప్పి నొక్కి చూశాడు. చచ్చావా అన్నాడు. లేదు దొరా అన్నాడు వాడు. చావనప్పుడు ఆయుధం ఎట్టయిద్దిరా అంటే, నొప్పిగా ఉంది దొరా అన్నాడంట. దొర ఆలోచించి ఆలోచించి, పిట్టకి తగిలితే పనిముట్టు, మడిసికి తగిలితే ఆయుధం అన్నాడు. నాంచారమ్మ దణ్ణం పెట్టి, నేను పిట్టలకే విసిరా దొరా, పిట్టలుండే చోట ఈయనకేం పనో అడగండి అంది. దొర అది అడగలా. అడిగితే కచేరీ పరువు పోద్ది గదా. ఊళ్ళో ఉండు గానీ వడిసెల ఇక్కడ పెట్టిపో, నోరుందిగా, కేకలేసి తోలుకో అన్నాడు. దాన్ని తీసి కత్తుల పక్కన గోడకి తగిలిచ్చారు. ఆమె ఏడ్చుకుంటా పోయింది పాపం. ఏడవదా మరి? చేతిలో ఏమీ లేదు, రేపు వాడొస్తాడు.

వచ్చాడు. మాకాడ ఒక మంచె మీద కేకేస్తే, లేచిన పిట్టలు పక్క చేలో వాలతయ్యని ఆ చేలో మంచె మీదోళ్ళు అదే కేక అందుకుంటారు, వాళ్ళనించి ఆ పక్కోళ్ళు. నాంచారమ్మ గుండెనిండా గాలి పీల్చుకుని, "హో... పుల్లయ్య కొడుకు కోటిలింగమో! మంచె కిందికి వచ్చాడో, హో!" అంది. పక్క మంచె అందుకుంది, దాని పక్కది అందుకుంది, ఊరి మొగదాల దాకా పోయింది. కోటిలింగం పెళ్ళాం కూర తిప్పుతా వినింది. కచేరీలో దొర కూడా విన్నాడు. పిట్టలకేం, మాట ఏదైనా లేస్తయి. వాడు పరిగెత్తితే, ఎటు పరిగెత్తుతున్నాడో కూడా చెప్పినయ్యంట మంచెలు.

ఇక పిట్టలు వాలినప్పుడల్లా అదే కేక. నాలుగు రోజులకి వాడే పోయి, ఆ వడిసెల ఆమెకిచ్చెయ్యండి దొరా అని కాళ్ళమీద పడ్డాడు. ఆయుధమన్నావుగా అన్నాడు దొర. బొప్పి తగ్గింది దొరా, ఈ కేక తగ్గట్లా, పోనీ నోరు కూడా ఆయుధమని రాయండి అన్నాడు. రాస్తా గానీ, దాన్ని గోడకి ఎట్టా తగిలిచ్చేదిరా అన్నాడంట దొర. సరే, ఆమెని పిలిపించి వడిసెల ఇయ్యబోతే, ఒద్దులే దొరా, ఇదే సుఖంగా ఉంది, చెయ్యి నొప్పి లేదు అని వెళ్ళిపోయింది.

అప్పటినించి మా చేలల్లో పిట్టల్ని తోలే కేక అదే, కోటిలింగమో అని. మా వైపు ఎవరూ బిడ్డకి ఆ పేరు పెట్టరు. మా నాయన పైవూరు నించి ఇల్లరికం వచ్చినోడు, తెలవక, వాళ్ళ నాయన పేరని నాకు పెట్టాడు. కంకులు పాలుపట్టే రోజుల్లో పొలాల వైపు పోతే, పలకాలో ఎగిరిపోవాలో ఇప్పటికీ తెలవదు నాకు.