స్టేషన్ ముందు నీవెస్ గీసిన గీత

సైకిల్ షెడ్డులో పెట్టొచ్చావా? కూర్చోమ్మా. ఆ షెడ్డు ఊరికే రాలేదు. నీవెస్ అని ఉండేది, పోయి ఇరవై ఏళ్లు దాటింది. మీ నాయనమ్మకి తెలిసే ఉంటుంది... లేదులే, ఆవిడ అప్పటికే పెళ్లై ఫెరారా వెళ్లిపోయింది. నేను టికెట్లిచ్చే కిటికీకి ఎదురుగానే నీవెస్ సైకిళ్లకి కాపలా. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఇంజన్ కూత. పొద్దున ఐదున్నర బండికి చక్కెర ఫ్యాక్టరీ ఆడవాళ్లే నూట యాభై మంది, ఎవరి సైకిలేదో చూడకుండా చెప్పేది.

పందొమ్మిది వందల డెబ్బైనాలుగో, ఐదో, మునిసిపాలిటీ వాళ్లు వచ్చి, "ఇక్కడ కార్లు ఆపుకోవాలి, సైకిళ్లు ఎత్తెయ్" అన్నారు. ఊరుకుంటుందా? "ఒక్కడు కూర్చొచ్చే డబ్బా కోసం నా ఫ్యాక్టరీ పిల్లలు రోడ్డున పడాలా?" అని ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించింది. నేనూ పెట్టాను, ఎవరిదో తెలీకుండా వంకర్లు తిప్పి. ఉద్యోగం కదా మరి.

అలాగే ఏటవతల బేరిపళ్ల తోట ఒరెస్తె ఇంటికీ వెళ్లింది. వాళ్లావిడ గాబ్రియెల్లాకి కిడ్నీ జబ్బు, వారానికి మూడుసార్లు రైల్లో బొలోన్యా ఆసుపత్రికి పోవాలి. "నేను పెట్టను నీవెస్" అన్నాడట. "కారు ఎక్కడో ఆపి, దీన్ని మోసుకొచ్చేసరికి రెండుసార్లు బండి పోయింది. కార్లకి చోటు అడిగింది నేనే."

ఆ సాయంత్రం నీవెస్ నా కిటికీ పక్క బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చుంది. మర్నాడు సంతకాల కాగితాలతోనే మునిసిపాలిటీకి పోయి, "స్టేషన్ గుమ్మం పక్క ఎనిమిది చోట్లు నడవలేనివాళ్ల కార్లకి. మిగతా కార్లు వెనక వీధిలో. పాత గూడ్స్ షెడ్డు రేకులు బాగుచేసి సైకిళ్లకివ్వండి" అంది. వాళ్లు చూద్దాం చూద్దాం అంటుంటే, తనే సుద్దముక్కతో గుమ్మం ముందు గీత గీసేసింది. మా స్టేషన్ మాస్టరు షెడ్డు తాళంచెవి ఇచ్చి, తనకేం తెలీనట్టు అటు తిరిగాడు. ఆదివారం అంతా సైకిళ్లు మోశాం. నా నడుం ఇంకా... సరేలే. ఫ్యాక్టరీ ఇయోలె ఉందే, అది మొహం మీదే అనేసింది, "అమ్ముడుపోయావు నీవెస్" అని. "నీకు కాళ్లున్నాయి తల్లీ, నలభై అడుగులు నడువు" అంది ఈవిడ. షెడ్డు రేకులు మునిసిపాలిటీ వాళ్లే చలికాలం రాకముందే వేశార్లే.

సైకిళ్లు మోసిన మర్నాడు, సోమవారం. గాబ్రియెల్లా గుమ్మం పక్కనే కారు దిగి, ఒరెస్తె చెయ్యి పట్టుకుని తన కాళ్ల మీదే వచ్చింది. నెమ్మదిగా, ఆగి ఆగి. కూత వేసేశారు. చూస్తే ఆ ఇయోలె బండి మెట్టు మీద నిలబడి, తలుపు మూసుకోకుండా వీపుతో ఆపి, చెయ్యి చాపి, "తొందరేం లేదక్కా, రా" అంటోంది. నీవెస్ గీత దగ్గరే నిలబడి, బండి కదిలేదాకా వాళ్లిద్దర్నే చూస్తూ...

ఊఁ. కాఫీ చల్లారిపోతోంది, తాగు.