గిలాసెడు నీళ్లు తాగిన స్పీకర్

ధర్మసాగర్ తొవ్వలో ఇమాం పాషా చాయ్ హోటల్. బల్ల మీద పాషా స్పీకర్ డబ్బా, దాని పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకొని ముసలి గట్టయ్య. రేపు పాషా బిడ్డ తమన్నా పెండ్లి. డబ్బాలో పాట బొంగురు పోయింది. విప్పుతానని గట్టయ్య, వద్దని పాషా భార్య ఖతీజాబీ.

"పెండ్లిల పాట లేకుంటే మా సుట్టాలు నన్ను బతకనియ్యరు కాకా. ఉన్నది గూడ పోతే ఎట్ల?" అన్నది ఖతీజాబీ.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మా ఇంట్ల డబ్బా గిట్లనే ఉండె, దుప్పటి కప్పుకొని పాడినట్టు. విప్పి చూసిన. లోపల క్రాసోవర్ అని చిన్న అట్ట ఉంటది. సన్న గొంతును చిన్న స్పీకర్‌కు, లావు గొంతును పెద్ద స్పీకర్‌కు పంచుతది, అన్నదమ్ములకు పొలం పంచినట్టు. దాని మీది కండెన్సర్ సచ్చి ఉన్నది, నల్లగ, ఎండిన వంకాయ లెక్క. పీకేసిన. హన్మకొండల ఎర్రటి కొత్తది కొని, నా చేతులతోనే టంకం పెట్టి అతికిచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"పాట వచ్చింది," అన్నాడు పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న ఆటో డ్రైవర్ మహిపాల్.

"పాటొక్కటేనా! పాడేటామె గాజులు వినబడ్డయ్. మట్టివా, బంగారువా అన్నది సుత తెలుస్తాంది. జర సౌండ్ పెంచిన. ఎనుక తబలా ఆయన 'చాయ్ ఎప్పుడిస్తరు' అని గులుగుతాండు. నా పెండ్లినాటి పాట అది! పాపం, ఆయనకు ఇంకా చాయ్ రాలే."

"ఇంకా పెంచకపోయినవ్," అన్నాడు మహిపాల్.

"పెంచిన! ధర్మసాగర్ చెరువుల చేపలన్నీ మా ఇంటి దిక్కు తిరిగినయ్. ఆ నీళ్లే గద వరంగల్‌కు పోయేది, తెల్లారి పట్నంల నల్లాలన్నీ తాళం వేసుకుంట కారినయ్. ములుగు బస్సు డ్రైవర్ హారన్ కొడితే, శృతి కలుస్తలేదని కండక్టర్ తిట్టిండు."

"నీకెవలు చెప్పిన్రు?"

"కండక్టరే. నడుమ అడ్డం రాకు. సగం పాటల ఆమె ఆగింది. 'గట్టయ్యా, గొంతెండుతాంది, జర నీళ్లియ్యరాదూ' అన్నది. గిలాసెడు నీళ్లు తెచ్చి డబ్బా ముంగట పెట్టిన. చూస్తుండంగనే గిలాస ఖాళీ! గొంతు సవరిచ్చుకొని రెండో చరణం ఎత్తుకున్నది."

పాషా మెల్లగా డబ్బాను గట్టయ్య దిక్కు జరిపాడు. ఖతీజాబీ దాని మీద చెయ్యి వేసి ఆపింది.

"సాక్ష్యం ఉన్నదా కాకా?"

"ఎందుకు లేదు? ఇగో, నేను పీకిన పాత కండెన్సర్!" గట్టయ్య జేబులోంచి రుమాలు తీసి, ముడి విప్పి, అటు చూడకుండానే దర్జాగా చాపాడు.

ఖతీజాబీ వంగి చూసింది.

"ఇది ఎర్రగున్నది గద. కాళ్లకు టంకం చుక్క సుత అంటలే. కొత్తది రుమాల్లనే ఉంటే, ఆమె ఎండిన వంకాయలకెళ్లి వచ్చి నీళ్లు తాగిందా కాకా?"

మహిపాల్‌కు చాయ్ ముక్కులోకి ఎక్కింది. గట్టయ్య రుమాలు వంక చూశాడు, ఒక్క క్షణమే.

"నేను చెప్పేది అదే పాషా! పాతదానికే గట్ల పాడింది. గీ కొత్తది వేస్తే ఎట్లుంటదో ఆలోచించు!"

పాషా ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకొని, చాయ్ గిలాస పెట్టాడు.

"తాగు కాకా. డబ్బా ముంగట మాత్రం పెట్టకు."