దారం కట్టిన లైను

ఏంటమ్మా అది, సొరుగులోదా? దారం విప్పకే, అక్షరాలన్నీ చెల్లాచెదురైపోతాయి. సీసం అచ్చులవి. తిరగేసి ఉంటాయిలే, అద్దంలో చూపిస్తే చదవొచ్చు. "ప్రేమ వ్యవహారమే కారణమా?" అని ఉంటుంది. నవ్వకు. మా పత్రికలో అక్షరాలు కూర్చేవాణ్ణి కదా నేను, ఏ ఆడపిల్ల చచ్చిపోయినా వార్త కింద ఇదే లైను. ప్రతిసారీ ఏం కూరుస్తాంలే అని దారం కట్టి పక్కన పెట్టుకున్నాం. ఆ తెలివి నాదే. "చివర ప్రశ్న గుర్తు ఉందిగా, మనల్ని ఎవడేం చేస్తాడయ్యా" అని మా ఎడిటరు పొట్ట ఊగేలా నవ్వేవాడు. ఆ, కాగితాలక్క గురించి కదా చెప్తున్నా? ఇంకా మొదలెట్టలేదా? సరే. ఆసుపత్రిలో నర్సు ఆవిడ. సెలవు రోజున రెండు పేజీల పేపరు తనే రాసి, చేత్తో తిప్పే మిషను మీద తీసి, సైకిలెక్కి పంచేది. పోయిన పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చునేది. ఆ పిల్ల ఏం పని చేసేది, ఎవరికేం చెప్పుకుంది, అన్నీ రాసేది. మేమా? మేం ఫొటో ఒక్కటే అడిగి తెచ్చుకునేవాళ్ళం.

మిల్లులో ఒకమ్మాయి, మేస్త్రీ వెంటపడుతున్నాడని ఆఫీసులో మూడుసార్లు మొత్తుకుందట. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి బావిలో తేలింది. మా పేపర్లో ఈ లైను పడింది. వాళ్ళమ్మ కుళాయి దగ్గరికి రావడమే మానేసింది. అక్క సరాసరి ప్రెస్సుకొచ్చి, "తమ్ముడూ, విలేకరి రాసిచ్చిన కాగితంలో ఈ మాటుందా?" అంది. లేదక్కా అన్నా. "అదే నా పేపర్లో చెప్పు. నీ పేరు వెయ్యను." పిల్లలున్నారక్కా అన్నా. తిట్టినా బాగుండేది. "సరేలే, అన్నం తిన్నావా?" అని వెళ్ళిపోయింది. ఆ వారం నుంచీ తన పేపర్లో రెండు వేళ్ళ జాగా ఖాళీ. "ఆ మాట కలిపినవాళ్ళు చెప్పేదాకా ఇదిలాగే ఉంటుంది" అని పైన చిన్నగా. నాలుగేళ్ళు అలాగే ఉంచింది. నేనూ ప్రతి వారం తెచ్చుకుని చూసేవాణ్ణి.

తర్వాత వంతెన మీద లారీ గుద్దేసింది అక్కని. కబురు రాగానే ఈ కట్ట జేబులో దాచేశా. ఎడిటరు సొరుగంతా వెతికాడు. "ఒంటరి ఆడది, వంతెన మీద ఏం పనో. కట్ట పోతే పోయింది, కొత్తగా కూర్చు" అన్నాడు.

కూర్చా. ఒక్కో అక్షరం ఏరి. ప్రశ్న గుర్తుతో సహా.

ఆ ఫోనులో ఎక్కుతోందా నా మాట? ఎక్కనీ. నా పేరు కూడా వెయ్యి... వెళ్ళు, చెయ్యి కడుక్కో. సీసం మంచిది కాదు.