తవుడిచ్చి కొనుక్కున్న పిల్ల

"అమ్మమ్మా, పెద్దోళ్ల దగ్గర పాతకాలం వైద్యం సంగతులు రికార్డు చేసుకురమ్మన్నారు మా నర్సింగ్ కాలేజీలో. మా అమ్మ గుండె ఆపరేషన్ గురించి సెప్పవా? ఆ పేరు గొడవతో సహా."

ఆపరేషన్ గురించేటే? నిన్న జరిగినట్టు సెప్తాను, కూకో. ఫోను దగ్గరగా ఎట్టాలా, దూరంగానా? సరే, అక్కడే ఉండనీ. మజ్జిలో అడ్డు తగలకు, తగిలితే ఎక్కడున్నానో మర్సిపోతాను.

ముందు పేరు కాడ్నించి రావాల. మీ అమ్మకంటే ముందు నాకు ఇద్దరు పుట్టేరు. మొదటోడు మగపిల్లోడు, పదకొండోనాడు జొరం ఒచ్చి పోయేడు. రెండోది ఆడగుంట. మూడో నెలలో ఇరోసనాలు పట్టుకున్నాయి. అప్పుడు మనూర్లో డాక్టరెక్కడే? మాడుగుల నించి ఓ ఆరెంపీ సైకిలేసుకుని వారానికోపాలి ఒచ్చీవోడు. ఏ రోగానికైనా అదే సూది, అదే ఎర్రమందు సీసా. సూదికి రెండ్రూపాయలు, కాదు కాదు, రూపాయిన్నర. రెండు తరవాత సేసేడు. సెడ్డోడు కాదులే పాపం, తెలిసింది సేసీవోడు. గుంటకి ఇరోసనాలవుతుంటే అతగాడొచ్చే దినం ఇంకా నాలుగు రోజులుంది. నీళ్లు పట్టకండి, పడితే ఇంకా ఎక్కువవుతాయన్నారు ఇంట్లో పెద్దోళ్లు. నాను పట్టనేదు. నాలిక బైటెట్టి నా మొకం కేసి సూసింది, అయినా పట్టనేదు. ఇప్పుడు మీరు ఉప్పూ పంచదారా కలిపి పట్టమంటారు సూడు, అది మొదటిసారి ఆశా కార్యకర్త నోట ఇన్న రోజున, నాను దొడ్లోకెల్లి ఏడ్సేను. గలాసుడు నీళ్లమ్మా. సరే, అది ఒదిలీ.

ఆ తరవాత మీ అమ్మ. అది పుడతానే మా అత్త అంది, "ఇది దక్కాలంటే మనది కాదనుకోవాల" అని. మన సైడు ఆ అలవాటుంది కదా, నీకూ తెలుసు. సేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఎట్టేరు. పక్కింటి సూరమ్మొదిన ఏటీ తెలీనట్టే ఒచ్చి, "అయ్యో, ఎవరో పిల్లని పారేసేరు" అని ఎత్తుకుని ఆలింటికి పట్టుకుపోయింది. మా అత్త గిన్నెడు తవుడు పట్టుకుని ఎనకాలే ఎల్లి, "ఆ పిల్లని అమ్ముతావేటే?" అని బేరమాడి, తవుడిచ్చి కొనుక్కొచ్చి నా ఒళ్లో పడీసింది. అందుకే తవిటమ్మ. గిన్నెడు తవుడుకి ఒచ్చిన పిల్ల అంటే సావు దానికేసి సూడదని. నవ్వకే! మనూర్లోనే తవిటయ్యలు నలుగురున్నారు. ఆల అమ్మలందరూ నాలాగే ఏడ్సినోళ్లు. మాకు డాక్టర్లు నేరు, మందుల్లేవు, ఇన్సూరెన్సంటే తెల్దు. ఆ పేరే మా ఇన్సూరెన్సు.

బడిలో ఎయ్యబోతే మేష్టారు, "ఇంత సక్కని పిల్లకి ఇదేం పేరమ్మా" అని సత్యవతి అని రాసీసేరు. నాను కాదన్లేదు, కానీ ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవర్నీ ఎత్తనివ్వనేదు. పెల్లి కార్డుల్లో కూడా తవిటమ్మనే ఏయించేను. మీ అమ్మ మూడ్రోజులు నాతో మాటాడ్నేదు, తెలుసా? అది పెల్లికూతురై అలిగిందంటే పెల్లికొడుకు మీద కాదు, నా మీద.

మీ నాన్న ఇల్లరికం ఒచ్చేడు కదా, అంచేత అందరిదీ ఒకటే బియ్యం కార్డు, ఇంటిపెద్దని నాను. కార్డులు రాసీ బాబు ఒచ్చినప్పుడు మీ అమ్మ సెరుకు తోటలో ఉంది. "మీ అమ్మాయి పేరేటి మామ్మా?" అన్నాడు. "తవిటమ్మ." "బళ్లో పేరదేనా?" అని మళ్లీ అడిగేడు. "అదే రాసీ" అన్నాను. తప్పు ఆ బాబుది కాదు, నాది. సర్కారు పుస్తకంలో మంచి పేరు ఎక్కితే సావుకి కనబడిపోద్దని నా బెంగ. ఆధార్లో మాత్రం బడి కాయితం ఎట్టి సత్యవతి అని ఏయించుకుంది మీ అమ్మ, నాకు సెప్పకుండా.

ఇంక అసలు సంగతి. అప్పుడు నువ్వు ఆరో తరగతి. సెరుకు మోపు ఎత్తితే మీ అమ్మకి ఆయాసం. తరవాత బిందె ఎత్తినా ఆయాసమే. తరవాత ఒట్టినే మాటాడినా. మన ప్రభుత్వాస్పత్రికి కొత్తగా ఓ డాక్టరమ్మ ఒచ్చింది, నీ అంతే ఉంటాది మనిషి. గొట్టం ఎట్టి సానాసేపు ఇంది. అంతసేపు ఒక డాక్టరు మన మనిషి గుండె ఇనడం నాను అప్పుడే సూసేను. "సిన్నప్పుడు గొంతు నొప్పీ కీళ్ల నొప్పులూ ఒచ్చేయా?" అనడిగింది. ఒచ్చేయి, పసుపు రాసి ఊరుకున్నాం అన్నాను. "ఆ జబ్బే గుండెలో కవాటాన్ని తినేసింది మామ్మా, ఆపరేషన్ సెయ్యాల, ఆలీసం సెయ్యకూడదు" అని ఆవిడే ఫోన్ సేసింది. నూట ఎనిమిది బండి మనింటి ముందుకే ఒచ్చింది. అనకాపల్లి పెద్దాస్పత్రి, అక్కడ్నించి ఇశాపట్నం.

ఇశాపట్నంలో ఆరోగ్యశ్రీ కౌంటర్లో అమ్మాయి కార్డు సూసింది, ఆధార్ సూసింది, మళ్లీ కార్డు సూసింది. "మామ్మా, ఈ తవిటమ్మా ఈ సత్యవతీ ఒకరేనా?" ఒకరే. "అయితే పేరు మార్పించుకు రండి, పేషెంటుకి మందులు ఆగవు, కానీ ఆపరేషన్‌కి అనుమతి రావాలంటే రెండూ కలవాల" అని మర్యాదగానే సెప్పింది. మీ అమ్మని మీ నాన్న కాడ ఒదిలి, పొద్దున్నే బస్సెక్కి మనూరి సచివాలయానికి ఒచ్చేను.

అక్కడ పనిసేసే పిల్ల ఏలిముద్రల మిషను నా ముందెట్టి, "ఇంటిపెద్ద ఏలిముద్ర కావాలి మామ్మా, ఇక్కడ నొక్కు, తవిటమ్మ పేరు తీసేసి సత్యవతి ఎట్టేత్తాను" అంది. తీసేత్తానంది! నా సెయ్యి ఎనక్కి ఒచ్చీసింది. నలభయ్యేల్లు కాసిన పేరది. అక్కడ దాని గుండె కోత్తామంటున్నారు, ఇక్కడ నాను ఆ పేరు తీసేయిత్తన్నాను. ఏటైనా అయితే? నా ఏలితో నానే దాన్ని సంపుకున్నట్టు కాదేటి? లేసి గుమ్మం దాకా ఒచ్చీసేను తల్లీ. ఎవరికీ ఇన్నాల్లూ సెప్పనేదు. లేసి ఒచ్చీసేను.

గుమ్మం కాడ నిలబడితే ఆ ఆడగుంట మొకం కనపడింది. అప్పుడూ ఇంతే కదా, భయపడి సెయ్యాల్సింది సెయ్యనేదు. ఓపాలి అయింది సాలు. ఎనక్కెల్లి కూకున్నాను. "నొక్కు" అన్నాను. నొక్కితే పడదే! సెరుకు నరికి, బెల్లం గానుగ కాడ సేసి, గీతలు అరిగిపోయేయి. బొటనేలు పడ్నేదు. సూపుడేలు పడ్నేదు. ఆ పిల్ల నా మొకం సూసి, "రేపొస్తావా మామ్మా?" అంది. "రేపేటే! పది ఏల్లిచ్చేడు దేవుడు, ఏదో ఒకటి పడక ఎక్కడికి పోద్ది!" అని కోకతో తుడిసి తుడిసి ఎడంసేతి ఉంగరపేలు ఎట్టేను. టింగుమంది. ఆ పిల్ల సప్పట్లు కొట్టింది. కూకున్నోళ్లంతా కొట్టేరు, ఎందుకో ఆలకి తెల్దు.

నాలుగోనాడు ఆపరేషన్. పొద్దున లోపలికి తీసుకెల్లి సాయంత్రానికి బైటికొచ్చేరు డాక్టర్లు. "కొత్త కవాటం ఏసేం, బాగా కొట్టుకుంటోంది" అన్నారు. ఆల కాల్ల మీద పడబోతే ఒప్పుకోనేదు. మర్నాడు గొట్టాలు తీసేక నన్ను లోపలికి పిలిసి, మలయాళం నర్సమ్మ అనుకుంటాను, ఆవిడ ఒచ్చీ రాని తెలుగులో, "పేరు పెట్టి పిలువమ్మా, మత్తు దిగాలి" అంది.

పేరు పెట్టి పిలవమంటే ఏ పేరే? అప్పుడు గట్టిగా, నలభయ్యేల్లలో మొదటిపాలి, "సత్యవతీ!" అన్నాను. పలకదు. "సత్యవతీ!" పలకదు. మూడోపాలి అరిసేసరికి కళ్లు తెరిసి, పీల గొంతుతో ఏటందో తెలుసా? "ఎవర్నే అమ్మా, అంతలా పిలుత్తున్నావు?" నా నోట ఎప్పుడైనా ఇంటే కదా! నర్సమ్మ నవ్వింది, నాను ఏడుత్తూ నవ్వేను. "నిన్నేనే, నిన్నే" అన్నాను.

మనకాడ ఒక్క రూపాయి తీసుకోనేదు. పైగా ఇంటికెల్లడానికి బస్సు సార్జీలు కూడా సేతిలో ఎట్టేరు. ధర్మం కాదది, మనకి రావాల్సిందేనని కౌంటరమ్మాయి సెప్పింది. మనిల్లు అమ్మినా ఆ ఆపరేషన్‌కి సరిపోదు. రోగమొస్తే సచ్చేదాకా సూసుకునీ రోజులు పోయేయమ్మా, పోయేయి! సావుని పేరుతో మోసం సెయ్యాలనుకున్నాను నాను. ఆ డాక్టర్లు ఎదురుగా ఎల్లి గెంటీసేరు. ఇప్పుడు మీ అమ్మని సూడు, నాకంటే బేగి నడుత్తాది, నన్నే కసురుతాది.

నాకు ఇంక భయం నేదు. ఎక్కడికెల్లినా "మా సత్యవతి, మా సత్యవతి" అంటాను. మాట రాని రోజొచ్చేదాకా అంటాను.

నువ్వు బాగా సదూకో. పెద్ద నర్సువవ్వాల. నీ సేతుల్లో పడ్డ ప్రతీ బిడ్డా బతికి బట్టకట్టాల. ఆల అమ్మలు ఎంత మంచి పేరు కావాలంటే అంత మంచి పేరు ఎట్టుకుని, ఈదంతా ఇనపడీలాగ పిలుసుకోవాల తల్లీ.