పదకొండు కాటిక చిప్పలు

“అవ్వా, మనింట్లో బిడ్డ పుడితే ఆ బిడ్డకని వేరే కాటిక బరిణె ఎందుకు పెడతారు?”

అట్లా అడుగు! ఇన్నేండ్లకు ఒకతి అడిగె. మీరూ రాండి, అందరూ కూచోండి.

కోవిల్‌పట్టి పక్క కరిసికాటికి నేను కోడలిగా వస్తిని కదా, పదైదేండ్లు నాకు... లేదు, పదారు. తెల్లవాళ్ళ కాలం. కరిసికాడంటే నల్లరేగడి, పత్తి పండేది, నీళ్ళు పండవు. కడవ మోసుకొచ్చేది మైలు దూరం. ఆ నీళ్ళు ముందు ఎద్దులకు, తరువాత కూటికి. పిలకాయల మొగాలు కడిగేదానికి ఎవరికి మనసొస్తుంది? ఈగలు కండ్లమీదే కాపురం. ఎర్రకండ్లు లేని ఇల్లొకటి చూపించమంటే మా ఊర్లో చూపించలేము. జలుబు మాదిరి వస్తుంది, పోతుంది అనుకుంటిమి. పోదు పాపా. రెప్పలోపల గింజలు కట్టి, రెప్ప ముడుచుకోని, వెంట్రుకలు గుడ్డును గీకతాయి. కడకు గోడ పట్టుకోని నడిచేదే.

మా అత్తకు అట్లే. దినమూ పొద్దున ముల్లు తీసే పట్టకారుతో ఆ వెంట్రుకలు నేనే పీకుతా ఉంటిని. “పత్తి ఏరినట్టు పీకవే, పత్తికట్టె పెరికినట్టు పెరుకుతావు!” అని తిడుతుంది. నోరు పెద్దది. మనసు ఇంకా పెద్దది.

ఇంటికంతా ఒకటే కాటిక బరిణె, అత్త చేతిలో. తలకు పోసిన దినం పదకొండుమంది పిలకాయలను వరసగా నిలబెట్టి, అదే కొంగుతో అందరి కండ్లూ తుడిచి, అదే వేలితో అందరికీ దిద్దుతుంది. ఒక పొయ్యి, ఒక కాటిక. కాటిక వేరైతే ఇల్లు చీలినట్టే అని లెక్క.

నా పెద్దబిడ్డ, రెండేండ్లది, వెలుగు చూస్తే ఏడ్చే పని మొదలుపెట్టె. మారియమ్మకు వెండికండ్లు మొక్కుకోని, బండి కట్టించుకోని విరుదునగరుకు పోతిమి. అప్పుడు మేము విరుదుపట్టి అనే అంటాము, తెలుసు కదా. డాక్టరు రెప్ప తిరగేసి మైలుతుత్తం పుల్లతో రుద్దె. ఆ అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. “నేను ఎంత రుద్దినా, ఒకరి కన్ను తుడిచిన గుడ్డ, వేలు ఇంకొకరికి తగిలితే మళ్ళా వస్తుంది” అనె.

ఇంటికొచ్చి బిడ్డకు వేరే గుడ్డ, వేరే బరిణె పెడితిని. అంతే! మా తోడికోడలు, “చూస్తిరా అత్తా, చిన్నకోడలు ఆస్తిలో పాలు పంచమంటా ఉంది” అనె.

అత్త నాపక్క తిరిగి, “నా చేతిలో విషముందా?” అనె. ఆ దినమే నన్ను పుట్టింటికి తరిమేస్తారని అందరూ అనుకునిరి. నాకు బయం లేదు. మారియమ్మ నా పక్కనుండె.

“విషం లేదత్తా, రోగముంది. మీకు కాటిక ఎవరు పెట్టిరి?”

“మా అమ్మ.”

“ఆమె కండ్లు?”

ఆ తల్లి చూపు లేకనే పోయెనని ఊరికంతా తెలుసు.

మళ్ళా తలకు పోసిన దినం పిలకాయలు వరసగా నిలబడిరి. అత్త బరిణె తెరిచె. వేలు పెట్టబోయి మూసె. “ఒసే చిన్నదానా, కుమ్మరింటికి పోయి పదకొండు చిప్పలు తే. పొయ్యి ఒకటే. కాటిక ఎవరిది వాళ్ళకే.” తోడికోడలు నోరు తెరిచి, ఆమె కూడా మూసె!

అప్పటినుండి కాటిక కాల్చేది అత్త, పంచేది అత్త. ఆ వేలు మాత్రం ఏ బిడ్డ కంటికీ పోలేదు. చెయ్యి కొంగులో చుట్టుకోని కూచుంటా ఉండె, పాపం.

నా బిడ్డ చూపు నిలిచె. వెండికండ్లు వేసేదానికి పోతే అత్త నా చెయ్యి పట్టుకోని, “ఇంకొక జత వేయవే” అనె. మీకా అత్తా అంటిని. “నాకేమిటికి ఇంక? పుట్టబోయేవాళ్ళకు.”

ఇదిగో పాపా, ఈ బరిణె నీ కడుపులో ఉండేదానికి. చెయ్యి కడుక్కోని దిద్దు. ఆ అమ్మ చల్లగా చూడనీ... నువ్వెందుకే ఏడుస్తావు? ఉండు, ఉండు, కొంగుతో తుడవకు.